చింతపండు తగిలిన పావు డాలరు

మా ఎడిసన్‌లో ఇంటికో వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా, పప్పుగిన్నె మూత తీసేలోపే ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన మా ఆడపడుచు నా పాత వెండి క్వార్టర్‌ని, అంటే పావు డాలరు బిళ్ళని, చింతపండు పెట్టి తోమేసిందట. అది లక్షలు పలికేదట. నేను పీటల మీదే బావురుమన్నానట. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవట. ఇదంతా నా ముందే చెబుతారు. నేను పక్కనే నిలబడి పులిహోర వడ్డించుకుంటూ వింటుంటాను.

అందులో నిజం చింతపండు ఒక్కటే.

అది లక్షలు పలికే బిళ్ళ కాదు. నేను ఏడవలేదు. నాకు కోపం వస్తే కన్నీళ్ళు రావు, మాటలు వస్తాయి. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఇక మాటల్లేకపోవడమా? మా వదిన నిన్ననే ఫోన్ చేసి, గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అని నాతో చెవి కాలేదాకా వాదించింది. ఇవన్నీ పోనివ్వొచ్చు. పోనివ్వలేనిది అందరూ చివర్లో జాలిగా కలిపే ముక్క: “పాపం, కాయిన్ పాడైపోయింది.” పాడవలేదు. ఏం జరిగిందో తెలియకుండా జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అందుకే రాస్తున్నాను.

ఈ దేశం వచ్చిన కొత్తలో మేమున్న అపార్ట్‌మెంట్లో వాషింగ్ మెషీన్లు బేస్‌మెంట్లో ఉండేవి. అవి క్వార్టర్లు తప్ప ఇంకేమీ మింగేవి కావు. మనవాళ్ళ ప్రతి ఇంట్లోనూ ఖాళీ అయిన ఆవకాయ సీసాలో క్వార్టర్లు పోగయ్యేవి. షాపులో చిల్లర ఇస్తుంటే పది సెంట్ల డైములు వద్దు, క్వార్టర్లే కావాలని బతిమాలుకునేవాళ్ళం. ఓ వారాంతం బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెషీన్లో ఒక్కొక్కటే వేస్తుంటే, ఒకటి చేయిజారి సిమెంటు నేల మీద పడింది. మామూలువి పడితే టప్పుమంటాయి. ఇది మోగింది. మోగి, కాసేపు ఆ మోత గాలిలో నిలబడింది. వంగి తీసి అంచు చూశాను. మామూలు క్వార్టర్ అంచు చుట్టూ రాగి గీత ఉంటుంది. దీనికి లేదు. అంచంతా తెలుపే. వెండి! అరవైల నడిమిదాకా ఇక్కడ పావు డాలర్లు వెండితోనే చేసేవాళ్ళని నాకప్పుడు తెలియదు. తెలియకపోయినా దాన్ని మెషీన్‌కి మేపడానికి చెయ్యి రాలేదు. ఆ వారం మా ఆయన చొక్కాలు ఉతకలేదు.

“ఒక్క క్వార్టర్ వెయ్యలేకపోయావా?” అన్నారు.

“మీ చొక్కాలు మళ్ళీ మాస్తాయి. ఇది మళ్ళీ దొరకదు,” అన్నాను.

అలా మొదలైంది. పాత నాణేలు పోగుచేసేవాళ్ళలో చాలామంది ఏ సంవత్సరానిది, ఏ ఊరి టంకశాలది అని చూసుకుంటూ ఆల్బమ్‌లో గుంటలు నింపుతారు. గుంటలన్నీ నిండాక తృప్తిగా మూసి అలమరలో పెడతారు. నాకు అది బియ్యం బస్తాలు పేర్చుకోవడంలా ఉంటుంది. నాకు కావలసింది అచ్చుల్లో తేడా. ఒకే ఏడు, ఒకే టంకశాల, పక్కపక్కన పెడితే కవలలు. భూతద్దం పెట్టగానే ఒకదానికి వెనకవైపు గద్ద కిందున్న ఆకు బాణాల కట్ట మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఇంకోదాన్లో ఒక ఊరి టంకశాల గుర్తు మీద ఇంకో ఊరి గుర్తు కొట్టేసి ఉంటుంది, కింద పడ్డ అక్షరం ఒంపు మాత్రం బయటికి తొంగిచూస్తూ. అంటే ఎవరో, ఏదో ఒక రోజున, ఒక ఉక్కు అచ్చు మీద పొరపాటు చేశారన్నమాట. ఆ పొరపాటు వేలకొద్దీ బిళ్ళలై జేబుల్లో తిరిగింది. నేను పగలు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరి పనిలో తప్పు పట్టడమే ఉద్యోగం. సాయంత్రం అదే పని జీతం లేకుండా చేస్తానని మా ఆయన ఎత్తిపొడుపు.

ఆ బిళ్ళ నాకు పాత నాణేల దుకాణంలో దొరికింది. అరిగిపోయిన వెండి బిళ్ళల్ని అక్కడ ఓ డబ్బాలో పోసి తూకానికి అమ్ముతారు. యాభైల నాటిది. అడుగంటిన పాలగిన్నె రంగు. ఇంటికొచ్చి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూస్తే, ముందువైపు ఈ దేశపు మొదటి అధ్యక్షుడి గడ్డం కింద ‘దేవుణ్ణి నమ్ముతాం’ అని రాసి ఉండే చోట అక్షరాలు జంటగా కనిపించాయి. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ ఏటి బిళ్ళల్లో ఆ చోట అలాంటి జంట ఎక్కడా లేదు.

పట్టుకుని మా నాణేల క్లబ్‌కి వెళ్ళాను. నెలకోసారి శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో కలుస్తాం. అక్కడ ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. నల్లజుట్టున్నవాళ్ళలోనూ దాదాపు నేనొక్కదాన్నే, అదీ రంగు వేసుకున్న నెలలో. క్లబ్ పెద్ద రిటైరైన పళ్ళ డాక్టరు. బతుకంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసిన మనిషి, ఇప్పుడు బిళ్ళల్లోకి తొంగిచూస్తారు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషులో అన్నవే. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘మీరు’ అన్న మర్యాద నేను కలిపాను.

“యంత్రం వణుకు. అంతకన్నా ఏం లేదు,” అన్నారు చూసి.

“కాదు. అచ్చులోదే,” అన్నాను.

ఈ తగాదా అర్థం కావాలంటే మా అమ్మమ్మగారి పెడన వెళ్ళాలి. అక్కడ బట్టల మీద పువ్వులు అద్దే చెక్క అచ్చులు చూస్తూ పెరిగాను. అద్దేటప్పుడు చెయ్యి కదిలిందనుకోండి, ఆ ఒక్క పువ్వే చెదురుతుంది, పక్క పువ్వు శుభ్రంగా వస్తుంది. అలా కాక, అచ్చు చెక్కినవాడే ఒక రేకుని రెండుసార్లు చెక్కాడనుకోండి. ఆ అచ్చుతో ఎన్ని తానులు అద్దినా ప్రతి పువ్వుకీ జంట రేకే. నాణేల్లోనూ అంతే. కొట్టే యంత్రం వణికితే అది ఆ ఒక్క బిళ్ళ గొడవ, దాన్నెవరూ పట్టించుకోరు. అచ్చులోనే అక్షరం రెండుసార్లు పడితే దాన్ని ‘డబుల్డ్ డై’ అంటారు, దానికోసం ప్రాణం పెడతారు. తేడా కనిపెట్టే గుర్తు ఉంది. వణుకుడు జంట చదునుగా, మెట్టులా ఉంటుంది. అచ్చులోని జంట గుండ్రంగా, రెండు అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నిలబడ్డట్టు ఉంటుంది. మధ్యన సన్నటి గాడి, మూలల్లో చీలిక.

నా బిళ్ళ మీద మసి ఎంత మందంగా ఉందంటే గాడి ఉందో లేదో గట్టిగా చెప్పలేం. కడిగి చూడొచ్చుగా అంటారేమో. ఆ మాట క్లబ్‌లో అంటే గెంటేస్తారు. పాత వెండి మీద మసి దాని చర్మం. తోమితే సన్నటి గీతలు పడతాయి, మళ్ళీ పోవు. ఆ లోకంలో అంతకు మించిన పాపం లేదు.

“మీరు చూడాలనుకున్నదే మీకు కనిపిస్తోంది,” అన్నారు డాక్టరుగారు, నవ్వుతూనే.

ఆ నవ్వే నన్ను కాల్చింది. ఆఫీసులో డెవలపర్లు కూడా ఇదే మాట, ఇదే నవ్వుతో అంటారు.

“వచ్చే నెలకి మంచి ఫొటోలు తీసుకురండి. స్క్రీన్ ఉన్న మైక్రోస్కోప్ పెడతాను. అందరి ముందూ తేల్చుకుందాం,” అన్నారు.

సరేనన్నాను. నాకు కావలసింది ఒక్కటే. తప్పు అచ్చులోనే ఉందని ఆ పెద్దమనిషి తన నోటితో అనాలి. అమ్మకం, కొనుగోలు, పేపర్లో ఫొటో, ఇవేవీ కాదు. ఆ ఒక్క మాట.

ఆ వచ్చే నెల మీటింగ్ సరిగ్గా వరలక్ష్మీ వ్రతం మర్నాడు పడింది.

వ్రతానికి మా వదిన పెన్సిల్వేనియా నుంచి తనే డ్రైవ్ చేసుకుని ముందురోజే వచ్చింది. మా ఆయనకి అక్క. బ్యాంకులో మేనేజర్. మా ఇద్దరికీ ఒకటే జబ్బు: చివరి మాట మాదే కావాలి. ఆ రోజు నేను ఫొటోల కోసం వంటింటి కిటికీ దగ్గర ట్రేలో తెల్లగుడ్డ పరిచి, నా బిళ్ళనీ, పోల్చి చూసుకోవడానికి ఇంకో నాలుగు పాత క్వార్టర్లనీ పెట్టుకున్నాను. పక్కనే గట్టు మీద పూజ వెండి: కుందులు, పంచపాత్ర, కుంకుమ భరిణె. అవి తోమాలి. ఇంతలో ఆఫీసు కాల్ వచ్చి పైకి వెళ్ళాను. కాల్ సాగి సాగి, దిగొచ్చేసరికి కిటికీ దగ్గర ట్రే లేదు. మా ఆయన తీసి నా సొరుగులో పెట్టి ఉంటారనుకున్నాను. ఆయన ఏదైనా తీసి దాని చోట పెట్టడం మా కాపురంలో జరగలేదు. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మర్నాడు పీటల మీద కూర్చుని పసుపు గణపతికి అక్షింతలు వేస్తూ కలశం వైపు చూశాను. కలశం ముందు పళ్ళెంలో బియ్యం, బియ్యం మీద ఐదు తెల్లటి వెండి బిళ్ళలు. పెళ్ళికూతురి మట్టెల్లా తళతళ. ఒక్కో బిళ్ళ మీదా మొదటి అధ్యక్షుడు, ఆయన చెంప మీద ఇంత కుంకుమ బొట్టు.

“వదినా, అవి ఎక్కడివి?” అన్నాను, పెదవి కదపకుండా.

“ట్రేలో గుడ్డ మీద నువ్వే పెట్టావుగా పూజకి. బొగ్గుముక్కల్లా ఉన్నాయి. అమ్మవారికి అలాగే పెడతావా ఏంటమ్మా?”

“తోమారా?”

“తోమకపోతే? ముందు చింతపండు, ఆపైన పళ్ళపొడి. చూడు, ఎలా వచ్చాయో!”

“వదినా, అందులో ఒకటి డబుల్డ్ డై!”

“ఏదైతేనేం, మెరుస్తోందా లేదా? ష్, అమ్మవారి పూజ మొదలవుతోంది. అక్షింతలు పట్టుకో.”

నేను పళ్ళెం వైపు చెయ్యి చాపాను. వదిన నా మణికట్టు పట్టేసుకుంది.

“పూజలో పెట్టింది ఉద్వాసన చెప్పకుండా తీస్తావా? నీకేమైనా మతిపోయిందా?”

నాకు భక్తి అంతంత మాత్రం. కానీ కొన్నిటికి ఎదురు చెప్పడం నాకూ రాదు. ఆహ్వానించి కూర్చోబెట్టిన అతిథి ముందునుంచి, ఆవిడ లేవకుండా పళ్ళెం లాగేస్తామా? ఉద్వాసన శనివారం పొద్దున. అప్పటిదాకా ముట్టుకోవడానికి లేదు, భూతద్దం పెట్టడానికి లేదు. నా బిళ్ళలో గాడి మిగిలిందో, పళ్ళపొడికి అరిగిపోయిందో తెలియకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడపాలి.

సాయంత్రం తాంబూలానికి వచ్చినవాళ్ళు మా ఇద్దరి మధ్య మళ్ళీ రాజుకున్న గుసగుసల తగువు విన్నారు. శనగలతో పాటు కథనీ మూటగట్టుకు వెళ్ళారు. అందరూ చెప్పే కథ పుట్టింది అక్కడే.

వాళ్ళంతా వెళ్ళాక మా ఆయన సర్దిచెప్పబోయారు. “పోనీ అలాంటిదే ఇంకోటి ఆర్డర్ చేస్తే పోలా?”

“ఇంకోటి ఉందో లేదో తెలియకే కదండీ ఈ గొడవంతా!”

“అక్కా, నువ్వైనా చెప్పు.”

“నన్నెందుకు లాగుతావురా? మసిపట్టిన వెండి కిటికీలో పెట్టుకుని మొగుడూ పెళ్ళాలు నాకు చెప్పకపోతే, నేనేం కలగన్నానా?”

ఇది మాత్రం న్యాయమైన మాట, ఆ రోజే ఒప్పుకున్నాను. వ్రతం ముందురోజు నల్లబడ్డ వెండి ఎదురుగా కనిపిస్తే తోమకుండా ఊరుకునే తెలుగు ఇల్లాలు ఉంటే నాకు చూపించండి. ‘చదువుకుని కూడా ఆ మాత్రం తెలియదా’ అని మా వదినని ఆడిపోసుకునే వాళ్ళంతా, నా చేతిలో ఆ నల్ల బిళ్ళని అంతకుముందు చూసి “ఛీ, కడగవేంటి?” అన్నవాళ్ళే.

శనివారం ఉద్వాసన చెప్పి, కలశం కదిపీ కదపకముందే బిళ్ళ తీశాను. కిటికీ దగ్గరికి పరుగు. మసంతా పోయింది. ముఖమంతా సన్నటి గీతలు, పిల్లి గోకినట్టు. అక్షరాల దగ్గర చూస్తే గాడి ఉన్నట్టే ఉంది, దాన్లో కుంకుమ దిగి ఎర్రటి దారంలా కనిపిస్తోంది. వెంటనే డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. నేను చూడాలనుకున్నదే చూస్తున్నానా? తుడవలేదు. ఎలా ఉన్నది అలాగే డబ్బీలో పెట్టాను.

“నేనూ వస్తా,” అంది వదిన చెప్పులు వేసుకుంటూ.

“మీరెందుకు?”

“తోమినదాన్ని నేను. ముద్దాయి లేకుండా కోర్టేంటి?”

పట్టుచీర కూడా మార్చుకోలేదు. నెమలికంఠం రంగు చీరలో ఆవిడ లైబ్రరీ హాల్లోకి నడిచి వస్తుంటే, క్లబ్ వాళ్ళు చేతుల్లో బిళ్ళలు మర్చిపోయి చూశారు.

డాక్టరుగారు డబ్బీ తెరిచి బిళ్ళని దీపం కిందికి జరిపారు. “దీనికేమైంది?”

“కడిగారు,” అన్నాను.

“దేనితో?”

నేను నోరు తెరిచేలోపే వదిన లేచి నిలబడింది. “టామరిండ్. అండ్ టూత్ పౌడర్.”



“టూత్ పౌడరా?” అన్నారు డాక్టరుగారు నీరసంగా. “పళ్ళకే వాడొద్దని జీవితమంతా చెప్పాను. వెండికి కూడానా!”

“మా ఇంట్లో మా నాయనమ్మ నాటి వెండి ఇవాళ్టికీ అద్దంలా ఉంది. మీ బల్ల మీదవన్నీ నల్లగా ఉన్నాయి. ఎవరు బాగా చూసుకున్నట్టు?” అంది వదిన. వెనక వరుసలో ఒకాయన ఫక్కున నవ్వాడు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు.

బిళ్ళని మైక్రోస్కోప్ కింద పెట్టారు. స్క్రీన్ మీద అక్షరాలు ఇంతింత గోడల్లా లేచాయి. మధ్యలో ఎర్రటి గీత.

“ఈ ఎరుపేమిటి?”

“కుంకుమ. పసుపూ సున్నం కలిపి చేస్తారు. నిన్న మా దేవతకి పూజ చేశాం. పక్కనే కూర్చున్నాడని మీ అధ్యక్షుడికీ బొట్టు పెట్టాం,” వదినే చెప్పింది.

ఈసారి ఆయనా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి స్క్రూ తిప్పడం మొదలుపెట్టారు. ఒక అక్షరం, ఇంకో అక్షరం. వెలుతురు ఇటునుంచి వేశారు, అటునుంచి వేశారు. మొదట్లో ఆయన కన్ను ఎర్రగీత వెంట వెళ్ళింది నిజమే. కానీ తర్వాత కుంకుమ లేని అక్షరాల దగ్గరికి జరిపారు. అక్కడా మూలలు చీలి ఉన్నాయి. రెండు అంచులూ గుండ్రంగా ఉన్నాయి. మెట్టు ఎక్కడా లేదు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నేను నోరు మూసుకున్నానని మా ఆయనకి చెబితే ఇప్పటికీ నమ్మరు.

“అచ్చులోదే,” అన్నారు చివరికి.

“కొంచెం గట్టిగా అనండి. వెనకవాళ్ళకి వినపడలేదు.”

“అచ్చులోదే! నేను పొరపాటు పడ్డాను. మీ కన్ను సరిగ్గానే చూసింది.” ఆ తర్వాత కొంచెం బాధగా కలిపారు, “కానీ ఇప్పుడు దీన్ని నాణేలకి గ్రేడు ఇచ్చే ఏ కంపెనీకి పంపినా చీటీ మీద ‘కడిగినది’ అని వేస్తారు, తెలుసుగా? కొనేవాళ్ళు ముట్టుకోరు.”

“వేసుకోనివ్వండి. అమ్మేవాళ్ళ దగ్గర దాని పరువు పోయింది, నిజమే. కానీ కడిగితే పోయేది మసి. అచ్చు చేసిన తప్పు పోదు. నేను వెతికింది ఆ తప్పునే,” అన్నాను.

ఇదీ జరిగింది. పాడైపోయిందని జాలిపడేవాళ్ళకి నా సమాధానం ఇదే: మీరు ధర గురించి మాట్లాడుతున్నారు, నేను బిళ్ళ గురించి మాట్లాడుతున్నాను.

టీ తాగేటప్పుడు వదిన డాక్టరుగారిని అడిగింది, అసలు అచ్చులో అలా ఎలా పడుతుందని. ఆయన రెండు బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. అచ్చు కాబోయే ఉక్కు దిమ్మని, బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న మూలముద్ర కింద పెట్టి నొక్కుతారట. ఆ రోజుల్లో ఒక్క నొక్కుతో బొమ్మ పూర్తిగా దిగేది కాదట. బయటికి తీసి, కాల్చి, మెత్తబరిచి, మళ్ళీ అదే చోట కూర్చోబెట్టి నొక్కాలి. ఆ కూర్చోబెట్టడంలో వెంట్రుకవాసి జరిగితే ఇలా జంట పడుతుందట. ఆ తర్వాత అచ్చుని ప్రెస్‌కి పంపేముందు ఒక మనిషి చూసి సరేననాలి.

ఇంటికి వెళ్తుంటే కారులో ఈ చివరి ముక్క మీదే మాకు మళ్ళీ మొదలైంది.

“చూసి ఉండడు. పొద్దుపోయి ఉంటుంది, ఇంటికి పోయే తొందర,” అంది వదిన.

“చూడకుండా ఎలా సరేనంటాడు? వాడి పనే చూడటం!”

“మా బ్యాంకులో సంతకాలు అన్నీ చదివే పెడుతున్నామా ఏంటి?”

“మీ బ్యాంకు సంగతి మీరు నాకు చెప్పకండి, నా అకౌంట్ అక్కడే ఉంది.”

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. మాటల్లో పడి నేను టర్న్‌పైక్ హైవే మీద మేం దిగాల్సిన ఎగ్జిట్ దాటించేశాను. వెనక్కి తిరిగి రావడానికి చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది, ఆ దూరమంతా వాదించుకుంటూనే ఉన్నాం. తేలలేదు. ఇప్పటికీ ఫోన్లో గోంగూర అయ్యాక ఆ మాటే వస్తుంది.

ఆవిడ చూడలేదంటుంది. నాకు మాత్రం ఆ మనిషి కనిపిస్తాడు. కంటికి భూతద్దం, చేతిలో ఇంకా నూనె ఆరని అచ్చు, ముందు జంటగా పడ్డ అక్షరాలు. పక్కన పెట్టేస్తే మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి ఉంటాడు. నాకు తెలియాల్సింది అక్కడే ఉంది: చూసి ఉంటే, ఏమనుకుని దాన్ని ప్రెస్‌కి పంపించాడు?